నకల్ రోబో, అసల్ మోటర్

ఈ మధ్య మన బిరాదరీలో చాలామంది ఫోన్ చేసి ఒకే సవాల్ అడుగుతున్నారు. "భాయ్, పిల్లోణ్ణి రోబోటిక్స్‌లో వేయమంటున్నారు. కిట్‌కి ఇంత, ఫీజుకి ఇంత అంటున్నారు. వేయాలా, నక్కోనా?" నేను ఇంజినీర్‌ని కాను. పదో క్లాసు దాకా ఉర్దూ మీడియం, ఆ తర్వాత తెలుగులో డిగ్రీ, ఇప్పటిదాకా విలేకరి నౌకరీ. అయినా నన్నే అడగటానికి వజహ్ ఉంది. రెండేళ్లుగా బందరులో ఇనగుదురు వైపు ఒక దోస్త్ మేడ మీది గదిలో, ఆదివారాలు, పదిమంది పిల్లలకి రోబోని నడిపే ప్రోగ్రాం రాయటం నేర్పుతున్నాం. కోడ్ నేర్పేది గుడివాడ నుంచి రైల్లో వచ్చే ఒక ఇంజినీరింగ్ కుర్రాడు. ఆ మాటల్ని పిల్లల జుబాన్‌లోకి దించేది నేను.

కాబట్టి నా జవాబ్ ముందే చెప్పేస్తా. కిట్ కొనకండి, ఇప్పుడే కొనకండి. ముందు నకల్ రోబోతో మొదలుపెట్టండి. కానీ నకల్ దగ్గరే ఆగిపోకండి. ఈ రెండు మాటల మధ్య ఏం జరిగిందో చెప్పాలనే ఇదంతా రాస్తున్నా.

పోటీ రోబో అంటే సినిమాల్లో కనిపించే మనిషి బొమ్మ కాదు. చక్రాల పెట్టె లాంటిది. కొలతలు ముందే చెప్పిన ఒక మైదానం ఉంటుంది. నల్ల గీత వెంట పోవాలి, డబ్బా ఎత్తాలి, ఫలానా గడిలో పెట్టాలి, టైం లోపల. అమెరికాలో 1989లో మొదలైన ఫస్ట్ అనే సంస్థ స్కూలు పిల్లలకి ఫస్ట్ టెక్ ఛాలెంజ్ పేరుతో నడిపే పోటీలో మొదటి 30 సెకన్లు పిల్లలు రోబోని రిమోట్‌తో తాకకూడదు. ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ప్రకారం అదే నడవాలి. ఆ తర్వాత 2 నిమిషాలు పిల్లలు నడుపుతారు. అసలు ఇమ్తెహాన్ ఆ 30 సెకన్లే. వీడియో గేమ్‌లు ఆడే పిల్లలకి రిమోట్ తిప్పటం కొత్త కాదు. తను లేనప్పుడు కూడా యంత్రం తన మాట వినేలా రాయటం హునర్.

ఆ రాసినదాన్ని రోబో లేకుండానే కంప్యూటర్ తెర మీద నడిపి చూడటాన్ని సిమ్యులేషన్ అంటారు. మా క్లాసులో దాని పేరు నకల్. మొదటిరోజు ఆ మాట చెప్పగానే పిల్లలు నవ్వారు. వాళ్లకి నకల్ అంటే పరీక్షలో పక్కోడి పేపర్ చూసి రాయటమే. ఇది ఇజాజత్ ఉన్న నకల్ అని చెప్పా. తెర మీద నేల ఉంటుంది, గోడ ఉంటుంది, రోబోకి బరువు ఉంటుంది, చక్రానికి పట్టు ఉంటుంది. గోడకి గుద్దితే పడిపోతుంది. మళ్లీ బటన్ నొక్కితే లేచి మొదటి చోటికి వస్తుంది. విరిగేది లేదు, కాలేది లేదు, అబ్బా జేబులోంచి పోయేది లేదు.

గరీబు ఇంటి పిల్లకి ఈ చివరి మాట ఎంత పెద్దదో కిట్ అమ్మేవాళ్లకి తెలియదు. బయట ఒక చోట డబ్బు కట్టి చేరిన ఇద్దరు పిల్లలు మా దగ్గరికి వచ్చారు. అక్కడ ఒక్క కిట్ చుట్టూ పదిహేను మంది. ముట్టుకుంటే పోతుందేమో, పోతే ఇంట్లో ఏమంటారో అని వీళ్లు వెనకే నిలబడేవాళ్లట. ఏడాది చూశారు, చెయ్యి పెట్టలేదు. మా గదిలో అదే పిల్లలు ఒక్క ఆదివారంలో నకల్ రోబోని నలభై సార్లు గోడకి కొట్టి, నలభై ఒకటోసారి మలుపు తిప్పారు.

హుకుం ఎలా ఇవ్వాలి

మేం కంప్యూటర్‌తో మొదలుపెట్టలేదు. ఒక పిల్లాడికి రుమాలుతో కళ్లకి గంత కట్టాం. వాడు రోబో. ఇంకొకరు హుకుం ఇవ్వాలి. గది అవతల ఉన్న లోటా తీసుకురావాలి. "ముందుకెళ్లు" అనగానే వాడు వెళ్లి గోడకి కొట్టుకున్నాడు, ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పలేదు. "థోడా దాయేఁ తిరుగు" అంటే తిరిగిన ప్రతిసారీ ఒక్కో కొలత. గంటసేపటికి పిల్లలే తీర్మానం చేశారు: యంత్రానికి "కొంచెం" తెలియదు, "అక్కడ" తెలియదు, "తెలుసు కదా" అసలే తెలియదు. ఎన్ని అడుగులో చెప్పాలి, ఏది ముందో ఏది తర్వాతో చెప్పాలి.

ఏది ముందు, ఏది తర్వాత అనేది మన బందరు పిల్లలకి చెప్పటం ఆసాన్. పక్కనే పెడన ఉంది. కలంకారీ బట్టని ముందు కరక్కాయ నీళ్లలో పాలు కలిపి ముంచుతారు. ఇనుప తుప్పు, బెల్లం నానబెట్టిన నల్లరంగు అచ్చు ఒకటి, ఎర్రరంగు పట్టటానికి పటిక అచ్చు ఒకటి. తర్వాత ఉతుకు, ఆ తర్వాత ఉడుకు. పటిక వేయకుండా ఉడకబెడితే ఎరుపు నిలబడదు. రంగు మంచిదే, బట్ట మంచిదే, వరస తప్పింది. ప్రోగ్రాం అంటే ఇదే వరస అని చెబితే, వాళ్ల నానీ పెడనలో అచ్చులు వేసేదని ఒక పిల్లాడు అప్పుడు బయటపెట్టాడు. అంతకుముందు చెప్పుకోవటానికి శరమ్ పడ్డట్టున్నాడు.

తర్వాత మాటలు. ఇంగ్లిష్‌లో 'ఇఫ్, ఎల్స్' అని చూడగానే ముఖాలు మాడిపోతాయి. "అగర్ గోడ దగ్గరుంటే ఆగు, వర్నా నడువు" అని చెబితే ఐదో క్లాసు పిల్ల కూడా తలూపుతుంది. లూప్ అంటే చక్కర్. వేరియబుల్ అంటే పేరు రాసిన డబ్బా, లోపలి సామాను మారుతుంది, పేరు మారదు.

లెక్కల్లో ఇంకో మజా. ఉర్దూ మీడియం పిల్లలు 'డయామీటర్' దగ్గర ఆగిపోయారు. "అరే, ఖుతర్!" అన్నా. ఒక్కసారిగా కళ్లు వెలిగాయి. ఖుతర్, ముహీత్, జావియా, ఇవన్నీ వాళ్ల పుస్తకంలో ఉన్నవే, నేను ముప్పై ఏళ్ల కిందట చదివినవే. చక్రం ఖుతర్ 6.5 సెంటీమీటర్లు. దాన్ని 3.14తో గుణిస్తే ముహీత్ 20.4. అంటే చక్రం ఒక్క చక్కర్ తిరిగితే రోబో 20.4 సెంటీమీటర్లు పోతుంది. మీటరు పోవాలంటే దాదాపు 4.9 చక్కర్లు. పరీక్ష కోసం బట్టీ కొట్టిన ముహీత్ ఇన్నేళ్లకి ఒక పనికి వచ్చింది. వాళ్లకి లెక్కలు రాకపోవటం కాదు, లెక్కల దగ్గరికి వేరే జుబాన్ తలుపులోంచి రమ్మంటున్నాం.

పరికరాల సంగతి ముఖ్తసర్‌గా. చిన్నపిల్లలకి స్క్రాచ్. సర్క్యూట్‌కి టింకర్‌క్యాడ్, అందులో ఆర్డువినో బోర్డు, మోటర్, బల్బు అన్నీ తెర మీదే కలిపి నడపొచ్చు. ఈ రెండూ ఉచితం, బ్రౌజర్‌లోనే పనిచేస్తాయి. పెద్దపిల్లలకి వెబాట్స్, 2018 చివరి నుంచి అదీ ఉచితమే, కాకపోతే కాస్త గట్టి కంప్యూటర్ కావాలి. మా దగ్గర అలాంటిది ఒక్కటే. అందుకే పిల్లలు ముందు కాగితం మీద రాస్తారు, బారీ వచ్చినప్పుడు నడుపుతారు. లాప్‌టాప్ తక్కువ కావటం ఒకందుకు ఫాయిదానే అయింది. బటన్ నొక్కే ముందు ఆలోచించటం అలవాటైంది.

"యే తో గేమ్ హై నా?"

పదిమందిలో అందరికన్నా ముందున్నది ఒక అమ్మాయి. దివిసీమ నుంచి వస్తుంది, అవనిగడ్డ నుంచి చల్లపల్లి మీదుగా బస్సు. బందరులో ఖాలా ఇంట్లో శనివారం రాత్రి ఉండి ఆదివారం క్లాసుకి. తొమ్మిదో తరగతి. ఆమె అబ్బాకి మోటర్ వైండింగ్ షాపు. రొయ్యల చెరువుల ఏరేటర్లు కాలిపోతే ఆయన దగ్గరికే వస్తాయి.

విజయవాడలో ఒక కాలేజీ వాళ్లు పోటీ పెట్టారు. మొదటి రౌండ్ సిమ్యులేటర్‌లో, ఇంటి నుంచే. రెండో రౌండ్ అక్కడికి వెళ్లి, నిజం రోబోతో. మా టీమ్ నలుగురు, కోడ్ ఎక్కువ రాసింది ఈ అమ్మాయే. మొదటి రౌండ్ దాటారు. అప్పుడు అబ్బా దగ్గర్నుంచి ఖబర్ వచ్చింది, ఇక పంపనని. నేను వాళ్లింటికి వెళ్లా.

ఆయన కోపంగా ఏం లేరు. చాయ్ ఇచ్చి నెమ్మదిగా అడిగారు. "భాయ్‌సాబ్, ఆరు నెలలుగా చూస్తున్నా. తెర మీద బొమ్మ తిరుగుతుంది, ఇది కేరింతలు కొడుతుంది. యే తో గేమ్ హై నా? గేమ్ కోసం జవాన్ అవుతున్న పిల్లని విజయవాడ పంపాలా?" ఆయన సవాల్‌లో ఇజ్జత్ ఫికర్ ఉంది, ఖర్చు ఫికర్ ఉంది. వాటికన్నా ముందు, పిల్ల చేసేది పనా, ఆటా అన్న షక్ ఉంది. మూడింటికీ వేరు వేరుగా జవాబ్ ఇవ్వాలి.

మంచం మీద దాదీ ఉన్నారు. దివిసీమలో ఆ వయసువాళ్లు ఉన్న ఇంట్లో 1977 నవంబర్ 19 అని తారీఖు చెప్పక్కర్లేదు, ఉప్పెన అంటే చాలు. ఆ రాత్రి ఆమె ఇద్దరు తమ్ముళ్లు పోయారు. నేను దాదీనే అడిగా, ఇప్పుడు తుఫాను వస్తుందంటే మూడు రోజుల ముందే టీవీలో ఒక దారి గీసి చూపిస్తారు కదా, ముందుకి పోయేకొద్దీ వెడల్పవుతూ ఉంటుంది, చూశారా అని. చూశానన్నారు. అది కూడా నకలే అని చెప్పా. గాలి, సముద్రం వేడి, పీడనం కొలతలు కంప్యూటర్‌కి ఇచ్చి, తుఫాను ఒడ్డుకి రాకముందే దాని నకల్‌ని నడిపి చూస్తారు. ఇలాగే వస్తుందని పక్కాగా చెప్పలేరు, అందుకే దారి వెడల్పుగా గీస్తారు. కానీ ఊరు ఖాళీ చేయించటానికి ఆ వెడల్పు చాలు.

దాదీ కాసేపు ఏం మాట్లాడలేదు. "మాకప్పుడు ఎవరూ చెప్పలేదు బేటా" అన్నారు. అంతే. అబ్బా ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లి వచ్చారు. గేమ్ మాట మళ్లీ ఎత్తలేదు. ఎవరు తీసుకెళ్తారు, ఎన్నింటికి తిరిగొస్తారు, రాత్రి ఎక్కడ ఉంటారు, ఇవి అడిగారు. ఆమె అమ్మీ కూడా తోడు వచ్చేట్టు, రాత్రి ఉండకుండా అదేరోజు తిరిగొచ్చేట్టు మాట అనుకున్నాం. ఈ సవాళ్లు అడిగే హక్కు ఆయనకి ఉంది. వాటిని 'వెనకబాటు' అని తోసేసి మాట్లాడేవాళ్లతో నాకు ఇత్తెఫాక్ లేదు. ఇంతెజామ్ చేసి చూపిస్తే ఎక్కువమంది అబ్బాలు ఒప్పుకుంటారు. మనం ఉపన్యాసం ఇస్తాం, ఇంతెజామ్ చేయం.

నేల మీద

ఇక నిజం రోబో. చందాలు వేసి ఒక ఆర్డువినో బోర్డు, పసుప్పచ్చ బీఓ మోటర్లు రెండు, డ్రైవర్ బోర్డు, బ్యాటరీలు కొన్నాం. తెర మీద గీత గీసినట్టు పోయిన ప్రోగ్రామే ఎక్కించాం. నేల మీద పెట్టగానే రోబో ఎడమకి లాగేసి మంచం కిందికి దూరింది. మళ్లీ పెట్టారు, మళ్లీ ఎడమకే. మధ్యాహ్నానికి బ్యాటరీ దిగింది, 2 సెకన్లలో పోవాల్సిన దూరం సగం కూడా పోలేదు. అమ్మాయి కోడ్‌ని పైనుంచి కిందికి పదిసార్లు చదివింది. కోడ్‌లో గల్తీ లేదు. అక్కడే ఏడుపొచ్చింది పాపం.

ఈ మాయ మా గదికే పరిమితం కాదు. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా పెట్టిన రోబో పోటీలో 2013 జూన్‌లో మొదటి దశ మొత్తం గజీబో అనే సిమ్యులేటర్‌లోనే జరిగింది. అందులో మొదటి స్థానం తెచ్చుకున్న ఐహెచ్ఎంసీ టీమ్‌తో పాటు మరికొన్ని టీములకి అట్లాస్ అనే మనిషంత రోబోని నిజంగా ఇచ్చారు. 2015 జూన్‌లో ఫైనల్స్. తలుపు తీయబోయి, మెట్టెక్కబోయి ఎన్నో రోబోలు దబదబా పడిపోయాయి. ఐహెచ్ఎంసీ రోబో కూడా పడింది, అయినా రెండో స్థానం తెచ్చుకుంది. పెద్ద పెద్ద ప్రయోగశాలలవాళ్లకే నేల అలా బుద్ధి చెబితే, మన పిల్లల రోబో మంచం కిందికి పోవటంలో వింత లేదు.

తర్వాతి ఆదివారం అమ్మాయిని దింపటానికి అబ్బా స్వయంగా వచ్చారు. రోబోని చేతిలోకి తీసుకున్నారు. రెండు చక్రాలూ వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "దీన్ని అటు, దాన్ని ఇటు మార్చు" అన్నారు. ఎడమ మోటర్ కుడికి, కుడిది ఎడమకి బిగించారు. ఈసారి రోబో కుడికి లాగింది. ఆయన నవ్వి, "నీ రాతలో ఏం లేదమ్మా, మోటర్‌లో ఉంది" అన్నారు. ఆ తర్వాత చెప్పింది పిల్లలందరూ రాసుకున్నారు. ఒకే కంపెనీ, ఒకేరోజు కొన్న నాలుగు ఏరేటర్లకి క్లాంప్ మీటర్ పెడితే నాలుగూ నాలుగు రకాల ఆంపియర్లు చూపిస్తాయి. బుష్ ఒకటి బిగుతు, కాయిల్ ఒకటి లూజు. ఏ రెండు మోటర్లూ ఒక్కలా తిరగవు. తెర మీద మోటర్లు కవలలు, బయట కావు.

ఆ మాట పట్టుకుని గుడివాడ కుర్రాడు అసలు పాఠం చెప్పాడు. "2 సెకన్లు ముందుకెళ్లు" అని హుకుం ఇస్తే బ్యాటరీ మీద, మోటర్ మీద ఆధారపడ్డట్టే. "98 లెక్కలు ముందుకెళ్లు" అనాలి. చక్రం పక్కన 20 చీలికల డిస్క్ బిగించి, దాన్ని చూసే సెన్సర్ పెట్టాం. ఒక్కో చీలిక దాటితే దాదాపు ఒక సెంటీమీటరు. ఎడమ లెక్క వెనకపడితే ఎడమ మోటర్‌కి కాస్త జోరు పెంచు, ముందుకి పోతే తగ్గించు. రోబో తన నడకని తనే చూసుకుని సరిదిద్దుకుంటుంది.

అమ్మాయి ఇంకో పని చేసింది, ఎవరూ చెప్పకుండానే. సిమ్యులేటర్‌లోకి తిరిగి వెళ్లి అక్కడి ఎడమ మోటర్‌ని కావాలని మందగించింది. సెన్సర్ లెక్కల్లో కాస్త గోల్‌మాల్ కలిపింది. అంటే నకల్‌ని చెడగొట్టింది, అసల్‌కి దగ్గరయ్యేలా. పెద్దవాళ్లు చేసేదీ ఇదే. 2019లో ఓపెన్ఏఐ వాళ్లు ఒక రోబో చేతికి రూబిక్స్ క్యూబ్ తిప్పటం నేర్పినప్పుడు, సిమ్యులేషన్‌లో బరువు, పట్టు, సైజు అన్నీ మళ్లీ మళ్లీ మార్చి అలవాటు చేశారు. ఏ నేల మీద పెట్టినా తడబడకూడదని.

విజయవాడలో మావాళ్లు గెలవలేదు. మొదటి ప్రయత్నంలో డబ్బా జారిపోయింది, రెండోదాంట్లో పని పూర్తిచేశారు, మధ్యలో ఎక్కడో నిలిచారు. అమ్మీ అంతసేపూ బురఖాలో మొదటి వరసలో కూర్చుని, రోబో తిరిగిన ప్రతి మలుపుకీ వేళ్ల మీద దువా లెక్కపెట్టుకుంది.

మనం చేయాల్సింది

మన జల్సాల్లో అల్-జజరీ పేరు వినిపిస్తూనే ఉంటుంది. 1206లో ఆయన యంత్రాల మీద రాసిన కితాబ్, ఏనుగు గడియారం, తనంతట తాను వాయించే పడవ బొమ్మలు. అల్గారిథం అన్న మాటే అల్-ఖ్వారిజ్మీ పేరులోంచి వచ్చిందని చప్పట్లు కొడతాం. ఫఖ్ర్ పడటం తప్పు కాదు. కానీ చప్పట్లు కొట్టి ఇంటికెళ్లాక లాప్‌టాప్ అన్నకే ఇస్తాం, అక్కని వంటింట్లోకి పిలుస్తాం. 2017లో అఫ్గానిస్తాన్ హెరాత్ నుంచి ఆరుగురు ఆడపిల్లల టీమ్ వాషింగ్టన్‌లో ఫస్ట్ గ్లోబల్ పోటీకి వెళ్లింది. రెండుసార్లు వీసా ఇవ్వలేదు, ఆఖరికి ఇచ్చారు, హిమ్మత్‌కి వెండి పతకం తెచ్చుకున్నారు. హెరాత్ నుంచి వాషింగ్టన్‌తో పోలిస్తే అవనిగడ్డ నుంచి విజయవాడ ఎంత దూరం?

అడిగారు కాబట్టి చెప్తున్నా. మీ పిల్లల స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో కనుక్కోండి. 2016 నుంచి నీతి ఆయోగ్ ఒక్కో స్కూలుకి 20 లక్షల దాకా ఇచ్చి ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం పెట్టిస్తున్నది అదే. ఉంటే దాని బీరువా తాళం తీస్తున్నారా అని అడగండి. కాలేజీ పిల్లలుంటే ఐఐటీ బాంబే వాళ్ల ఈ-యంత్ర పోటీ గురించి చెప్పండి. మొహల్లాలో ఒక గది, ఒక మంచి కంప్యూటర్, ఆదివారం మూడు గంటలు, ఇంటికి దింపే ఒక మనిషి, ఇవి సమకూర్చండి. ఆఖర్న కిట్ కొనండి, పదిమందికి ఒకటి చాలు. కొన్నాక మీ వీధిలో మోటర్ మెకానిక్‌ని, వెల్డింగ్ చేసే భాయ్‌ని లోపలికి పిలవండి. మన కౌమ్‌లో చేతి హునర్‌కి కొదవ లేదు, ఆ చేతులకి పాఠంలో చోటే ఇవ్వలేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. నూజివీడు ట్రిపుల్ ఐటీ గురించి అడుగుతోంది. పదో తరగతి మార్కుల మీదే సీటు, ఆరేళ్ల చదువు, కానీ హాస్టల్‌లో ఉండాలి. అబ్బా ఇంకా హాఁ అనలేదు, నా అని కూడా అనలేదు. పోయిన వారం ఫోన్ చేసి, అక్కడ ఆడపిల్లల హాస్టల్ ఎలా ఉందో ఒకసారి చూసి రావాలి, మీరూ వస్తారా భాయ్‌సాబ్ అన్నారు. వస్తానన్నా. ఆదివారం క్లాసు గుడివాడ కుర్రాడు చూసుకుంటాడు.